ఇస్త్రీ గది మీద వేసిన అయిదు గంటలు

లెక్కలత్తకు ఆ పేరు పెట్టింది ఆఫీసులోని కుర్రకారు. ఎవరైనా ఆమె ముందు "దాదాపు ఇంత ఉంటుందండీ" అన్నారో, చచ్చారన్నమాటే. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "దాదాపు అంటే ఎంత నాయనా? కొలిచావా, కలగన్నావా?" అని అడిగేది. గొంతు పెంచేది కాదు, అలాగని అడిగి ఊరుకునేదీ కాదు. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడేది. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టి, నడకలో చురుకు ఎక్కువ. చేతిసంచిలో దువ్వెన మర్చిపోయిన రోజులున్నాయి గానీ కొలత టేపు మర్చిపోయిన రోజు లేదు.

ఆమె చేసే పని ఏమిటో చెప్పడం కొంచెం కష్టమే. సొంత అక్కకే పదేళ్ళుగా అర్థం కాలేదు. "మా చెల్లెలు కంప్యూటర్లో ఇళ్ళు కట్టి, వాటికి కరెంటు బిల్లు వేస్తుంది" అని చెప్పుకు తిరుగుతుంది పాపం ఆవిడ. నిజానికి అది పెద్ద తప్పేం కాదు. పాత భవనం ఒకటి ఉందనుకోండి. దాన్ని పడగొట్టకుండా బాగుచేసి, కరెంటు తక్కువ తాగేలా మార్చి, గుమ్మం పక్కన "హరిత భవనం" అనే పలక తగిలించుకోవాలని దాని పెద్దలకు కోరిక పుడుతుంది. ఆ పలక అడగ్గానే చేతిలో పెట్టరు. పరీక్షకు మార్కుల్లాగా దానికి పాయింట్లుంటాయి, వాటిలో సింహభాగం కరెంటు పొదుపుకే. ఏ కిటికీకి నీడ కడితే ఎంత మిగులుతుంది, ఏ కప్పు మీద పొర వేస్తే ఎంత తగ్గుతుంది అన్నది సుత్తి దెబ్బ పడకముందే చెప్పాలి. అందుకని లెక్కలత్త అచ్చం ఆ భవనాన్నే కంప్యూటర్లో కడుతుంది. గోడల మందం, కిటికీల అద్దం, దీపాలు, మిషన్లు, మనుషులు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోతారో, అన్నీ అందులో పెడుతుంది. పెట్టి, దాని మీద ఏడాది పొడుగునా ఎండ కాయిస్తుంది, వాన కురిపిస్తుంది. అంతా కలిపి ఏడు నిమిషాల పని. ఆఖర్న ఆ ఉత్తుత్తి భవనం ఎంత కరెంటు తాగిందో తేలుతుంది. దాన్ని వాళ్ళ భాషలో నమూనా అంటారు.

అయితే దానికో కట్టుబాటు ఉంది. నమూనా ముందు జరిగింది సరిగ్గా చెప్పాలి, ఆ తర్వాతే జరగబోయేది చెప్పాలి. అంటే నిరుడు ఆ భవనానికి నిజంగా వచ్చిన కరెంటు బిల్లులతో నమూనా తాగిన కరెంటు సరిపోవాలి. అయిదు శాతం అటూ ఇటూ అయితే పలక ఇచ్చే పరిశీలకులు సర్దుకుంటారు. అంతకు మించి తేడా ఉంటే ఆ నమూనా చెప్పే జోస్యం ఎవరూ వినరు.

పందొమ్మిదో ఏట ఆమె ఒక డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరింది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన ప్లాను మీద పలచటి కాగితం పరిచి, సిరాతో అదే గీతను మళ్ళీ గీయడం ట్రేసరు పని. సొంత బుర్ర ఇంటి దగ్గర వదిలి రావాలి. చెమటకు కాగితం పాడవుతుందని మోచేతి కింద జేబురుమాలు వేసుకుని గీసేవాళ్ళు. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పదకొండు మంది ట్రేసర్లలో పది మంది ఇంటిదారి పట్టారు. ఈమె మాత్రం సాయంత్రాలు ఆగి, కొత్తగా వచ్చినవాళ్ళ భుజాల మీదుగా తొంగిచూసి, చీవాట్లు తిని, నవ్వులపాలై, మొత్తానికి నేర్చుకుంది. ఈ నమూనాల విద్య పట్టింది నలభై దాటాక, అదీ బస్సులో నిలబడి పుస్తకం చదివి. పన్నెండేళ్ళుగా ఆఫీసులో నమూనాలన్నీ ఆమెవే, కింద సంతకాలు మాత్రం డిగ్రీలున్న వాళ్ళవి. వండేది ఒకరు, వడ్డించి పేరు కొట్టేసేది ఇంకొకరు. చివరికి కిందటేడు పట్టుబట్టి, సంతకం పెట్టే అర్హత పరీక్ష రాసి గట్టెక్కింది. ఆమె సొంత సంతకంతో వెళ్ళిన మొట్టమొదటి నివేదిక కుట్టు శిక్షణ కేంద్రానిది.

అది నాలుగంతస్తుల పాత మేడ. ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పి, వాళ్ళ చేత బడి పిల్లలకీ ఆసుపత్రి వాళ్ళకీ యూనిఫాంలు కుట్టించే చోటు. కింద ఆఫీసు, ఆపైన కత్తిరింపు బల్లలు, దానిపైన ఇస్త్రీ గదీ బట్టల గోదామూ, అన్నిటికన్నా పైన కుట్టు మిషన్ల హాలు. భవనం కళ్ళతో చూడకుండానే లెక్క వేసిందా అని మీరు అడగబోతున్నారు. చూసింది. కాకపోతే ముసురు పట్టిన రోజున, గొడుగు పట్టుకుని, ఓ గంట చూసింది. కొలతలు తీసేవాళ్ళు పాత ప్లాను దగ్గర పెట్టుకుని దాన్ని కంప్యూటర్లో మళ్ళీ గీసి పంపారు. ఆమె దాని మీదే నమూనా కట్టింది.

కట్టి నడిపిస్తే బిల్లుల కన్నా పన్నెండు శాతం తక్కువ వచ్చింది. దీపాలు మళ్ళీ లెక్కపెట్టింది. మిషన్ల మోటార్లు చూసింది. కిటికీ అద్దాల మందం చూసింది. పన్నెండు పన్నెండుగానే ఉంది. గడువు మూడు రోజులుంది. ఆఫీసు యజమాని ఆర్కిటెక్టు, ఆమె కన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు, మాట మెత్తన, గడువు దగ్గర మాత్రం రాయి. రోజుకు రెండుసార్లు వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడి, గోడ మీది క్యాలెండరు చూసి వెళ్ళిపోతున్నాడు.

లెక్క కుదరనప్పుడు మనిషికి ఎవరి మీద అనుమానం వస్తుంది? తన మీద తప్ప అందరి మీదా వస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం లెక్కలత్త కన్ను ఇస్త్రీ గది మీద పడింది. ఎనిమిది ఇస్త్రీ పెట్టెలు, రోజుకు నాలుగు గంటలు అని రాసి ఉంది. నాలుగే అని చెప్పిందెవరు? వాళ్ళకు వాళ్ళు చెప్పుకున్నదే కదా. కబుర్లలో పడి పెట్టెలు ఆర్పకుండా వదిలేస్తుంటారేమో, అన్నానికి పోతూ అలాగే వదిలి పోతారేమో. నాలుగు తీసేసి తొమ్మిది కొట్టింది. నమూనా నడిపింది. తాళంలో చెవి తిరిగినట్టు లెక్క టక్కున కూర్చుంది. దాదాపు అన్నవాడి ప్రాణం తీసే మనిషి, ఆ తొమ్మిది కొలిచిందా కలగన్నదా అని తనను తాను అడగలేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, తన లెక్క కుదరకపోతే ఇస్త్రీ చేసేవాళ్ళ అలవాటు చెడ్డదని రాసి, కింద సంతకం పెట్టి పంపేసింది. ఆఫీసులో అందరికీ మిఠాయి కూడా పంచారు.

నివేదిక చదివిన ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళు ఒక్క వాక్యం దగ్గర ఆగాయి. ఇస్త్రీ గది ఒక్కటే భవనం మొత్తం కరెంటులో అయిదో వంతు పైగా తాగుతోంది, దాన్ని బయటికి పంపితే పాయింట్లు సులువుగా వస్తాయి అని అందులో ఉంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. వారం తిరక్కుండా ఉత్తరువు వేసింది. వచ్చే నెల నుంచి బట్టలు బయట లాండ్రీకి, ఇస్త్రీ గదిలో పనిచేసే ఆరుగురికీ ఈ నెలాఖరు వరకే పని. లెక్కలత్త చెవిన పడి కాస్త మనసు చివుక్కుమంది గానీ, "లెక్క అలా చెప్పింది, నేనేం చేయను" అనుకుని ఇంకో భవనం పనిలో పడింది.

నాలుగో రోజున ఆఫీసు గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చలు, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, మడత ఎక్కడా చెదరలేదు. అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అని పిలిచేది ఆవిడనే. ఇరవై రెండేళ్ళుగా ఆ గది బాధ్యత ఆవిడది.

"మా గది లెక్క వేసింది మీరేనా అమ్మా?" అని అడిగింది.

"నేనే పెద్దమ్మా, కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. మంచినీళ్ళిస్తే సగం తాగి గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "గొడవకు రాలేదు తల్లీ. మేం రోజుకు తొమ్మిది గంటలు పెట్టెలు కాలుస్తున్నామని రాశారట. నేను ఏ రోజు ఆర్పడం మర్చిపోయానో, ఆ రోజు ఒక్కటి చెప్పండి చాలు. ఒప్పుకుని వెళ్ళిపోతాను. ఊరికే వెళ్ళిపోవడం కష్టంగా ఉంది."

లెక్కలత్త నివేదిక తిరగేసింది. "ఫలానా రోజని కాదు పెద్దమ్మా. కంప్యూటర్లో అలా తేలింది."

"కంప్యూటరు మా గదికి ఎప్పుడొచ్చిందమ్మా?"

పెద్దమ్మ మిగిలిన నీళ్ళు తాగి, "ఎండెక్కుతోంది, వస్తాను" అని లేచింది. లెక్కలత్త మెట్ల దాకా వెళ్ళి సాగనంపి తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉంది, తినడం లేదు. ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు వంట ఆయనదే, వంకలు పెట్టడం ఆమెది. ఆ పూట వంక కూడా పెట్టకపోయేసరికి ఆయనకు భయం వేసింది.

"ఉప్పు ఎక్కువైందా?"

"లేదండీ."

"అయితే ఒంట్లో బాగాలేదన్నమాట."

జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, కంచం పక్కకు నెట్టాడు. "చూడు, నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో టికెట్ల లెక్క కుదరని రోజున ముందు ప్రయాణికుల మొహాలే చూసేవాణ్ణి. ఎవడు ఎగ్గొట్టాడా అని. ఒకసారి ఒక ముసలాయన్ని అందరిముందూ లేపి నిలబెట్టాను కూడా. తీరా చూస్తే టికెట్ల కట్టలో రెండు కాగితాలు అంటుకుని ఉన్నాయి. ఆయన దిగిపోయాక తెలిసింది నాకు. ఇప్పటికీ ఆయన మొహం గుర్తొస్తుంది."

"ఏం చేశారు మరి?"

"ఏం చేస్తాను, ఆయన దిగిపోయాడుగా. మీ పెద్దమ్మ ఇంకా దిగలేదు." అని కంచం మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

మర్నాడు లెక్కలత్త సెలవు పెట్టి, పొద్దున తొమ్మిదింటికల్లా ఇస్త్రీ గదిలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుంది. ఎందుకొచ్చారని పెద్దమ్మ అడగలేదు. ఫ్యాను కాస్త ఇటు తిప్పి, తన పని తాను చూసుకుంది. చలి తగ్గి ఎండ మొదలవుతున్న రోజులవి. గది నిండా తడి బట్ట వేడెక్కిన వాసన. ఆరుగురు ఆడవాళ్ళు, మెత్త పరిచిన బల్లలు, బల్ల పక్కన నీళ్ళ సీసాలు, వరసగా ఎనిమిది ఇస్త్రీ పెట్టెలు. ఒక గోడ పొడుగునా పెద్ద కిటికీలు.

లెక్కలత్త చేతిలో కాగితం, పెన్సిలు. పెట్టె వేడెక్కినప్పుడల్లా టైము రాసుకుంది, ఆర్పినప్పుడల్లా రాసుకుంది. రాస్తున్నకొద్దీ ఆమె తల వంగిపోతూ వచ్చింది. వాళ్ళు చేసే తీరు అలా ఉంది మరి. గట్టి బట్టలు, కాలర్లు, ప్యాంట్లు పెట్టె మహా వేడి మీద ఉండగా చేస్తారు. చివరి అయిదారు బట్టలు మిగిలి ఉండగానే పెద్దమ్మ "ఆపండి" అంటుంది. అందరూ స్విచ్చి ఆర్పి, ప్లగ్గు కూడా ఊడబీకి పైన వేలాడేస్తారు. ఇక మిగిలిన వేడితో లోపలి పలచటి అస్తర్లూ జేబురుమాళ్ళూ చేసేస్తారు. చల్లారే పెట్టె మీద కూడా పని చేయించుకునే మనిషి, పెట్టె వదిలి కబుర్లకు పోతుందా? అన్నం వేళకు ప్లగ్గులన్నీ గోడకు వేలాడుతున్నాయి. మూడింటికి ఆ రోజు ఇస్త్రీ అంతా ముగిసి మడతల పని మొదలైంది. కూడితే మూడు గంటల యాభై నిమిషాలు. నాలుగు అని వాళ్ళు ఎక్కువే చెప్పారు.

లెక్కలత్తకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా పన్నెండు శాతం పన్నెండు శాతమే. అది ఎక్కడికి పోయింది?

మూడు దాటాక ఆ సంగతీ తేలింది. కిటికీల్లోంచి ఎండ సన్నగా మొదలై, కాసేపటికి గది సగానికి పాకింది. పెద్దమ్మ ఒక్క మాట అనకుండానే ఆరుగురూ లేచి బల్లలు కిటికీల దగ్గర్నుంచి లోపలి గోడవైపుకు ఈడ్చారు. కిటికీలకు తడి దుప్పట్లు కట్టారు. గోడకున్న పాత ఏసీ రొప్పుతూ మూలుగుతోంది. పైన కుట్టు హాల్లోనూ బల్లలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. లెక్కలత్త ఒళ్ళో కాగితం మీద ఎండ పడి కళ్ళు జిగేల్‌మన్నాయి.

"రోజూ ఇంతేనా పెద్దమ్మా?"

"ఇంకా నయం. వేసవిలో అయితే ఈ గోడ మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేస్తుంది. పైన పిల్లలు మిషను ముట్టుకోలేరు."

లెక్కలత్త లేచి నిలబడింది. ఆమె నమూనాలో ఆ గోడ ఉత్తరం గోడ. ఈ రోజుల్లో ఉత్తరం కిటికీలోంచి పొద్దువాలే వేళ ఇంత ఎండ ఎలా కొడుతుంది? ఇస్త్రీ పెట్టెల ఇనుము మధ్య ఫోనులోని దిక్సూచిని నమ్మలేక, ఆయాసపడుతూ మేడ మీదికెక్కి చూసింది. నాలుగు మూలలా నిలబడి నాలుగుసార్లు చూసింది. ఆమె ఉత్తరం అనుకున్నది పడమర. నమూనాలో భవనం మొత్తాన్ని పక్కకు తిప్పి పెట్టింది ఆమె. మండిపోయే పడమటి కిటికీలన్నిటినీ చల్లటి ఉత్తరానికి తిప్పేసి, వాటివల్ల ఖర్చయ్యే కరెంటును ఆరుగురు ఆడవాళ్ళ నెత్తిన రుద్దింది.

కిందికి దిగి, ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో ఇనప బీరువా తీయించి, అసలు ప్లాను అడిగింది. గోధుమ రంగు తిరిగిన పెద్ద కాగితం, మడతల దగ్గర చిరుగులు. కాగితం నెత్తి మీద ఉత్తరం చూపిస్తూ బాణం గుర్తు, దానికి ఈకలాంటి తోక. ఆ తోక చూడగానే లెక్కలత్త కుర్చీలో కూలబడింది. కింద మూలన "ట్రేసింగ్" అన్న గడిలో రెండక్షరాలున్నాయి. అవి ఆమె పొడి అక్షరాలే.

వందల ప్లాన్లు గీసింది ఆ రోజుల్లో. అవి ఏ భవనాలో, ఎక్కడ లేచాయో ట్రేసర్లకు చెప్పేవాళ్ళెవరు? కానీ ఈ బాణం మాత్రం గుర్తొచ్చింది. పెన్సిలు ప్లానులో ఉత్తరం బాణం కుడివైపుకి పడుకుని ఉంది. ఆ డ్రాయింగ్ ఆఫీసు హెడ్డుకు అదంటే గిట్టదు. "ఉత్తరం ఎప్పుడూ కాగితం నెత్తి మీదే ఉండాలి, ఇది నా ఆఫీసు పద్ధతి" అనేవాడు. నిజానికి అప్పుడు ప్లాను మొత్తం తిప్పి గీయాలి. తిప్పితే ఆ కాగితంలో పట్టదు. పందొమ్మిదేళ్ళ పిల్లకు చప్పున ఉపాయం తట్టింది. ప్లాను కదపకుండా బాణాన్ని మాత్రం లేపి నిలబెట్టింది. హెడ్డు చూసి "శభాష్, నీట్‌గా ఉంది" అన్నాడు. ముప్ఫై మూడేళ్ళుగా ఎవరూ దాన్ని కదపలేదు.

"ఏమైందండీ, నీళ్ళు తెప్పించనా?" అంది ప్రిన్సిపాల్ మేడమ్.

"నీళ్ళొద్దు మేడమ్. మీ ఉత్తరువు పది రోజులు ఆపండి. నేను తప్పు రాశాను."

"నివేదిక ఆమోదానికి వెళ్ళిపోయింది కదండీ. కాగితం మీదున్నది కాదనాలంటే నాకు ఇంకో కాగితం కావాలి."

"తెస్తాను" అంది లెక్కలత్త. అందే గానీ బస్సెక్కాక అసలు సంగతి తట్టింది. మొదటి సంతకమే తప్పుడు సంతకమని తనే రాసిస్తే, ఇచ్చిన అర్హత వెనక్కి తీసుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఊరుకుంటే, ఆరుగురి పని పోవడం తప్ప ఇంకేమీ జరగదు. పన్నెండేళ్ళు ఎదురుచూసిన సంతకం అది. దాని మీద ఆమెకు ఆశ లేదంటే అబద్ధం. దిగవలసిన స్టాపు దాటిపోయి, ఇంకో స్టాపులో దిగి నడిచింది.

ఆర్కిటెక్టు అంతా విని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "మేడమ్, కుదిరిన నమూనాని ఎవరైనా విప్పుతారా? శిక్షణ కేంద్రం వాళ్ళకే అభ్యంతరం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి."

"కందకే దురద పుట్టింది సార్. వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని అడిగింది."

"పరిశీలకులు మీ అర్హత తీసేస్తే?"

"మళ్ళీ పరీక్ష రాస్తాను. బస్సు పాసు ఉంది, పుస్తకం ఉంది." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు అంత ధైర్యంగా ఏమీ లేదు. అది విని ఆర్కిటెక్టే కాస్త మెత్తబడి, "సరే, ముందు తిప్పి చూడండి, ఎంత వస్తుందో" అన్నాడు.

తిప్పడానికి ఎంతసేపు? ఒక గడిలో సున్నా తీసేసి తొంభై కొట్టాలి, అంతే. ఇస్త్రీ గదికి తొమ్మిది తీసేసి మళ్ళీ నాలుగు పెట్టింది. ఏడు నిమిషాలు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. పన్నెండు శాతం తక్కువ కాస్తా రెండు శాతం ఎక్కువకు వచ్చి ఆగింది. ఎవరి మీదా అయిదు గంటలు వేయకుండానే కుదిరింది.

ఆమె సంతోషించింది గానీ, ఇల్లలకగానే పండగ కాదు కదా. ఇస్త్రీ గది బయటికి పోతే వస్తాయన్న పాయింట్లు ఇప్పుడు లేవు. అవి ఇంకెక్కడి నుంచైనా రావాలి. పడమటి కిటికీలకు బయట నీడపలకలు కడితే చాలా వరకు వచ్చాయి. ఇంకా కొంచెం లోటుంది. ఆ సంగతే చెప్పుకుంటూ ఇస్త్రీ గదిలో కూర్చుంటే, పెద్దమ్మ కాలరు మీద నుంచి తలెత్తకుండానే, "గోదాము ఆ చల్లటి పక్కనెందుకమ్మా? బట్టల మూటలకు చెమట పడుతుందా? వాటిని ఇటు పంపి, ఈ కిటికీలు మూసేసి, మమ్మల్ని అటు పంపండి" అంది. ఇరవై రెండేళ్ళుగా అనుకుంటోందట. మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేమని లెక్కలత్త అడిగితే, "అడిగినవాళ్ళెవరు?" అంది. గదులు రెండూ మార్చి నమూనా నడిపితే లోటు తీరడమే కాదు, పైన రెండు పాయింట్లు మిగిలాయి.

పరిశీలకులకు లెక్కలత్త దాపరికం లేకుండా రాసింది. బాణం తిప్పింది నేనే, తిప్పిన బాణాన్ని చూడకుండా నమ్మిందీ నేనే, లెక్క కుదరక ఇస్త్రీ విభాగం మీద కొలవని గంటలు వేసిందీ నేనే అని మూడు వాక్యాలు. పంపాక రెండు రోజులు ఆఫీసులో ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడేది. మూడో రోజు జవాబు వచ్చింది. అర్హత ఊసు లేదు. సవరించిన నివేదిక పది రోజుల్లో పంపాలి, ఇస్త్రీ విభాగం గంటలను అక్కడి బాధ్యులు స్వయంగా చదివి, సంతకంతో ధ్రువీకరించాలి అని ఉంది.

ఆ సంతకం కోసం లెక్కలత్త నివేదికా ల్యాప్‌టాపూ పట్టుకుని ఇస్త్రీ గదికి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దమ్మ తన బల్ల ఖాళీ చేసి, మీద గుడ్డతో తుడిచి, కాగితాలు అక్కడ పెట్టించింది.

"ఇక్కడ పెడితే చాలు పెద్దమ్మా" అని లెక్కలత్త వేలు పెట్టి చూపించింది.

"చదివి వినిపించండి ముందు. చదవకుండా సంతకం పెడితే ఏమవుతుందో మీరే చూశారుగా."

గుమ్మం దగ్గర ప్రిన్సిపాల్ మేడమ్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది. లెక్కలత్త బుద్ధిగా చదివింది. ఆ విభాగానికి సంబంధించిన ఆరు పేజీలూ చదివింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింటూ మూడో పేజీ దగ్గర చెయ్యెత్తింది.

"ఎన్ని పెట్టెలన్నారు?"

"ఎనిమిది. నేనే లెక్కపెట్టాను కదా పెద్దమ్మా, మొన్న రోజంతా కూర్చుని."

"ఏడు. ఎనిమిదోది లోపల కాలిపోయి మూడేళ్ళయింది. మడతలు కదలకుండా మీద బరువు పెట్టుకుంటాం. ముట్టుకుని చూడండి."

లెక్కలత్త వెళ్ళి ముట్టుకుంది. చల్లగా ఉంది. రోజంతా ఎదురుగా కూర్చుని, చేతిలో పెన్సిలు పట్టుకుని, ఒక్కసారి ముట్టుకోలేదు తను. ఈసారి సిగ్గు రాలేదు, నవ్వొచ్చింది. గదిలో అందరూ నవ్వారు. ఆమె అక్కడే, ఆ బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి, ఎనిమిది తీసేసి ఏడు కొట్టి, మళ్ళీ నడిపింది. ఆ ఏడు నిమిషాలూ ఆరుగురూ పని ఆపి చుట్టూ చేరారు. రెండు శాతం తేడా ఒక శాతం లోపుకు దిగింది. పన్నెండేళ్ళలో ఆమె కట్టిన ఏ నమూనా కూడా అంత దగ్గరగా కుదరలేదు.

"ఇప్పుడు సరిపోయిందా?" అని పెద్దమ్మ అడిగింది.

"ఇప్పుడు సరిపోయింది."

కాగితం మీద అంకె దిద్ది, పెన్ను ఇచ్చింది లెక్కలత్త. "మీరు పెట్టండి ముందు. మీ కిందే నేను పెడతాను."

జీతం తీసుకున్నప్పుడు తప్ప ఆ భవనంలో పెద్దమ్మ సంతకం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆవిడ చెయ్యి రెండుసార్లు తుడుచుకుని, పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. దాని పక్కన ఇస్త్రీ విభాగం బాధ్యురాలు అని కూడా రాసింది. దాని కింద లెక్కలత్త సంతకం పెట్టింది. కళ్ళు చెమర్చి గీత కాస్త వంకర పోయింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ కాగితం అందుకుని చదివి, పాత ఉత్తరువు రద్దు చేస్తున్నానని అందరిముందూ పైకే చెప్పింది.

లెక్కలత్త పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "తప్పైపోయింది పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ ఆ చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. "సరేలే తల్లీ. ఆ కంప్యూటరు తీయి ఇక, నా బల్ల నాకు కావాలి. ఆసుపత్రి బట్టలు సాయంత్రానికి ఇవ్వాలి."